250 గ్రాముల లోపు డ్రోన్‌కు రూల్స్ లేవా?

"ఇది 250 గ్రాముల లోపేనండీ, దీనికి రూల్స్ ఏమీ ఉండవు." సరదాకి డ్రోన్ కొనాలనుకునేవాళ్లకు తరచుగా వినబడే మాట ఇది. ఇందులో నిజం సగమే. చిక్కుల్లో పడేది రెండో సగం తెలియకే.

2021 ఆగస్టులో కేంద్రం తెచ్చిన డ్రోన్ నిబంధనలు నిజంగా ఉదారమైనవి. 250 గ్రాముల వరకు నానో, ఆపైన 2 కిలోల వరకు మైక్రో. నానోకి, సంపాదన కోసం కాకుండా ఎగరేసే మైక్రోకి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంలో, 400 అడుగుల దాకా, అంటే 120 మీటర్ల దాకా, ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. కానీ జోన్లకు బరువుతో సంబంధం లేదు. రెడ్ జోన్‌లో, అంటే డ్రోన్లపై గట్టి ఆంక్షలున్న ప్రాంతంలో, 249 గ్రాముల బుల్లి డ్రోన్‌కైనా కేంద్రం అనుమతి కావాల్సిందే.

విమానాశ్రయాల దగ్గర ఎందుకంత పట్టుదల? దిగే విమానం మామూలుగా మూడు డిగ్రీల వాలులో వస్తుంది. ఆ లెక్కన రన్‌వేకి ఇంకా రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరం ఉండగానే 120 మీటర్ల ఎత్తుకు దిగిపోతుంది. గ్రీన్ జోన్‌లో మన డ్రోన్‌కిచ్చిన గరిష్ఠ ఎత్తూ అంతే! అందుకే విమానాశ్రయం ప్రహరీ నుంచి 8-12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు దాటితే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి తీసుకోవాలి. ఇంకా దగ్గరికి వెళ్లేకొద్దీ ఆంక్షలు బిగుస్తాయి.

హైదరాబాద్ మ్యాప్ తెరిచి చూడండి. శంషాబాద్, బేగంపేట విమానాశ్రయాలు, హకీంపేట, దుండిగల్ వైమానిక దళ కేంద్రాలు, వీటికి తోడు సికింద్రాబాద్ కంటోన్మెంట్. మేడ మీద నుంచి డ్రోన్ లేపేముందు ఇవన్నీ చూసుకోవాలని ఎంతమందికి తెలుసు? విశాఖలో విమానాశ్రయమే నౌకాదళానిది, తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రమూ ఆ ఊళ్లోనే. పైగా మ్యాప్ మారుతూ ఉంటుంది. భోగాపురంలా కొత్త విమానాశ్రయం వచ్చినచోట చుట్టుపక్కల ఊళ్ల జోన్లూ మారతాయి. అందుకే ఎగరేసే ముందు ప్రతిసారీ, ఏ చోటు ఏ జోన్‌లో ఉందో చూపించే ప్రభుత్వ ఆన్‌లైన్ మ్యాప్ డిజిటల్ స్కై చూసుకోవాలని నిబంధన పెట్టారు.

డబ్బు చేతులు మారితే లెక్క మారుతుంది. స్నేహితుడి పెళ్లిలో సరదాకి తీస్తే ఒకటి, అదే మైక్రో డ్రోన్‌తో పెళ్లి ఆర్డర్ ఒప్పుకుంటే మరొకటి. అప్పుడు సర్టిఫికెట్ కావాలి. ఇక ఎదురింటి కిటికీలోకి కెమెరా తిప్పి ఆడవాళ్లను చాటుగా చిత్రీకరిస్తే అది డ్రోన్ నిబంధనలతో పోదు, భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరమవుతుంది.

అమెరికా నుంచి వచ్చే బంధువులతో డ్రోన్ తెప్పించుకునేవాళ్లకు ఇంకో మాట. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిపై నిషేధం ఉంది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు. మేనల్లుడికి పుట్టినరోజు కానుక అందులోకి రాదు.

నా అభ్యంతరం ఈ నిబంధనల మీద కాదు. సరదాగా ఎగరేసేవాడికి సర్టిఫికెట్ వద్దన్న ప్రభుత్వం, వాడికి కనీస సంగతులు నేర్పే ఏర్పాటు మాత్రం చేయలేదు. అమెరికాలో సరదాకి ఎగరేసేవాళ్లు ట్రస్ట్ అనే చిన్న ఆన్‌లైన్ పరీక్ష రాస్తారు. ఫీజు లేదు, ఫెయిలవడమూ లేదు. తప్పు చెబితే సరైన జవాబు చూపించి ముందుకు పంపుతారు. అక్కడి మన తెలుగు పిల్లలు కూడా డ్రోన్ ఎగరేయాలంటే అది పూర్తిచేయాల్సిందే. అలాంటిది ఇక్కడ తెలుగులో ఎందుకు ఉండకూడదు?

2024 అక్టోబరులో విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లతో ఆకాశంలో బొమ్మలు వేయించిన రాష్ట్రానికి ఇది మోయలేని పని కాదు. అరగంట పరీక్ష, జిల్లాకో మైదానం, పోలీస్ స్టేషన్‌లో జోన్ మ్యాప్ చూడటం వచ్చిన ఒక కానిస్టేబుల్. ముందు ఈ మూడూ జరగాలి.