బరువు కాదు, ఊపిరి బిగబట్టడమే తంటా
నలభై దాటి బీపీ ఉన్నవాళ్లు డంబెల్స్ ముట్టుకోనే వద్దని కొందరు చెప్పే మాట నాకు మింగుడు పడలేదు. ఎత్తేటప్పుడు బీపీ పెరిగేది నిజమే, అందులోనూ ఊపిరి బిగబట్టి పెద్ద బరువు లేపితే బాగా ఎగబాకుతుంది, కానీ దించగానే దిగొస్తుంది, నెలల తరబడి పద్ధతిగా చేస్తే ఊరికే కూర్చున్నప్పుడు ఉండే బీపీ కూడా కొన్ని పాయింట్లు తగ్గుతుంది. నాకు 47, నల్లగొండలో మా గల్లీ జిమ్‌కే పోతా. 148/94 ఉన్నప్పుడు డాక్టర్‌ను అడిగి, గోలీ మానకుండానే 5 కిలోలతో మొదలుపెట్టాను. లేపేటప్పుడల్లా కోచ్ పక్కన నిలబడి ఒకటి, రెండు అని గట్టిగా లెక్కపెట్టిస్తాడు (నోరు తెరిచి లెక్కపెడుతుంటే ఊపిరి ఎట్లా బిగబడతాం!). ఆరు నెలలకు 132/84కు వచ్చింది, అందులో సగం మామిడికాయ తొక్కు బంద్ చేయించిన తన ఘనతే అంటుంది మా ఇంటావిడ.