పాతపట్నం వెళ్ళొచ్చిన పెన్ డ్రైవ్

మొన్న ఆదివారం మామయ్య తన కంప్యూటర్‌కి పెన్ డ్రైవ్ పెట్టి నన్ను కేకేశారు. "అమ్మా, ఫోల్డర్లకి ఈ బాణం గుర్తేటి?" వెళ్ళి చూస్తే ప్రతి ఫోల్డర్ మూలా చిన్న వంకర బాణం. సైజు చూస్తే రెండు కేబీ. "నొక్కకండి" అనేలోపే డబుల్ క్లిక్ అయిపోయింది.

ఆ పెన్ డ్రైవ్ అంతకుముందు రోజే ఆంధ్రాలోని పాతపట్నం వెళ్ళొచ్చింది. మాది ఒడిశా, మా పర్లాకిమిడిలో మేం మామూలుగా వెళ్ళే షాపులో ఒడియా ఆకృతి ఫాంట్లే ఉంటాయి. గుడి కమిటీ కరపత్రం తెలుగులో కావాలంటే 'అను' అనే తెలుగు ఫాంట్లున్న చోటికి వెళ్ళాలి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే అక్షరాల బదులు పిచ్చి గీతలొస్తాయి. అందుకే ఈ కాలంలో కూడా మామయ్య జేబులో పెన్ డ్రైవ్ పెట్టుకుని రాష్ట్రం దాటుతారు. రోజూ వందమంది పెన్ డ్రైవ్‌లు దూరే కంప్యూటర్ అక్కడి షాపుది, అందరి జబ్బులూ అందరికీ పంచుతుంది.

అలా వచ్చిన వైరస్ నిజానికి ఫోల్డర్లను చెరపదు. అసలువి దాచేసి, వాటి పేర్లతోనే షార్ట్‌కట్‌లు పెడుతుంది. మనం నొక్కితే ముందు అది నడుస్తుంది, తర్వాత మన ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ముందు కంప్యూటర్‌ని స్కాన్ చేసి దాన్ని తీసేశాను, తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో ఒక్క లైను కొట్టి ఫోల్డర్లన్నీ బయటికి రప్పించాను. మామయ్య కళ్ళలో నేను ఆ రోజు డాక్టర్నే.

ఇక ఏ యాంటీవైరస్ కొనాలో సలహాలు మొదలయ్యాయి. కంప్యూటర్ షాపతను "ముగ్గురు వాడుకునే ప్యాక్ తీసుకోండి మేడం, ఏడాదంతా టెన్షన్ ఉండదు" అన్నాడు. బరంపురం మరిదిది ఒక కంపెనీ, విశాఖ తమ్ముడిది ఇంకో కంపెనీ. ఎందుకు మంచిదని అడిగితే ఇద్దరిదీ ఒకటే జవాబు, లాప్‌టాప్ కొన్నప్పుడు దాంతోపాటే వచ్చిందట!

మా ఇంట్లో నాలుగు కంప్యూటర్లు. నాలుగింటికీ ఒకే మందు వేయమంటారేంటి?

నా లాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది. అందులోనే ఉండే డిఫెండర్ అనే యాంటీవైరస్ నాకు చాలు. 2012లో విండోస్ 8 వచ్చినప్పటినుంచి అది విండోస్‌లోనే ఉంటోంది, పైసా ఇవ్వక్కర్లేదు. జర్మనీలో ఏవీ-టెస్ట్ అనే సంస్థ యాంటీవైరస్‌లకి రక్షణకీ, వేగానికీ, వాడకానికీ ఒక్కోదానికి 6 మార్కుల చొప్పున వేస్తుంది. డబ్బు పెట్టి కొనేవాటి పక్కన డిఫెండర్ ఏమీ చిన్నబోవట్లేదు. ఇంకోటి వేసుకుంటే డిఫెండర్ తనంతట తానే పక్కకి తప్పుకుంటుంది. కొందరు కొన్నవాటినే రెండు వేసేసి కంప్యూటర్ నత్తలా నడుస్తోందని ఏడుస్తారు.

ఫ్రీగా వచ్చేవాటి సంగతీ చెప్పాలి. అవాస్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ, జనం ఏ సైట్లు చూస్తున్నారో ఆ సమాచారం అమ్ముకుందని, అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2024లో 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. అన్నిటికీ ఒప్పుకున్నట్టు మనమే కదా బటన్ నొక్కేది. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడిన ఊరు మాది. ఆ లైసెన్స్ ఒప్పందాలు చూసుంటే ఆయన ఇంకో ఉద్యమం మొదలుపెట్టేవారు.

అమ్మాయి లాప్‌టాప్‌తోనే అసలు తంటా. బీటెక్ చదువుతోంది, వేలకు వేలు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనలేం కాబట్టి స్నేహితులు క్రాక్ కాపీలు, అంటే లైసెన్స్ తాళం పగలగొట్టిన దొంగ కాపీలు ఇస్తారు. వాటిలో మొదటి సూచనే "ముందు యాంటీవైరస్ ఆపెయ్యండి" అని. దొంగే వచ్చి కుక్కని కట్టెయ్యమంటే మనమే తాడు తెచ్చి కట్టేసినట్టు. ఎంత ఖరీదైన యాంటీవైరస్ కొంటే మాత్రం దీనికి అడ్డు పడుతుంది? అందుకే యాంటీవైరస్ ఆపే అనుమతి లేని స్టాండర్డ్ అకౌంట్ తనకి చేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ నా దగ్గర పెట్టుకున్నాను. రెండు రోజులు మాటల్లేవు. పర్వాలేదు.

మా ఆయన బిల్లింగ్ కంప్యూటర్‌లో విండోస్ 10. దానికి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది. పాత ప్రాసెసర్ కాబట్టి 11 ఎక్కదు. ఒక ఏడాది అదనపు అప్‌డేట్లకి నమోదు చేయించాను, ఈలోపు కొత్తది చూడాలి.

మామయ్యదైతే విండోస్ 7. 2020 జనవరిలోనే దాని కథ ముగిసింది. 2017 మేలో ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రా పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. ఆ కన్నం మూసే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్ళు ఇరుక్కున్నారు. ఇప్పుడు విండోస్ 7కి అలాంటి అప్‌డేట్లే రావు. మరి దానికి ఏ యాంటీవైరస్ డబ్బా కొని ఏం లాభం? నెట్ కేబుల్ పీకేశాను.

అన్నట్టు, కేంద్ర ప్రభుత్వానికి సైబర్ స్వచ్ఛతా కేంద్రం అని ఒకటుంది, 2017 నుంచి నడుస్తోంది. వైరస్ తీసే టూల్స్, పెన్ డ్రైవ్‌లని కట్టడి చేసే యూఎస్‌బీ ప్రతిరోధ్ అక్కడ ఉచితంగా దొరుకుతాయి. షాపులో మాత్రం ఎవ్వరూ ఈ మాట చెప్పరు.

ప్యాక్‌కి పెడదామనుకున్న డబ్బుకి ఇంకొంత కలిపి బయట పెట్టుకునే హార్డ్ డిస్క్ కొన్నాను. పదిహేను రోజులకోసారి ఫొటోలూ లెక్కలూ అందులోకి కాపీ చేసి, వైరు తీసి బీరువాలో పెడతాను. తగిలించే ఉంచితే ఫైళ్ళకి తాళం వేసే వైరస్ దానికీ వేసేస్తుంది.

కరపత్రాలు పీడీఎఫ్ చేసి పంపండి, ఫాంట్ అందులోనే ఉంటుంది అని మామయ్యకి నేర్పాను. "అక్కడ కూచుని దిద్దించుకోవాలి కదమ్మా" అన్నారు. ఆయన చెప్పేదీ నిజమే. అందుకని బయట తిరిగే పెన్ డ్రైవ్ వేరు చేసి, గుర్తుకి నల్ల దారం కట్టాను. తిరిగొచ్చాక ముందు నా లాప్‌టాప్‌లో స్కాన్ కావాలి, ఆ తర్వాతే ఆయన కంప్యూటర్.

దారం చూసి మామయ్య అడిగారు, "ఏటమ్మా, దిష్టికా?"

"అలాంటిదే మామయ్యా" అన్నాను.