సంతకం పెట్టే గైడ్ ఏరీ?

ఎంఏ, ఎమ్మెస్సీ చేయాలంటే హైదరాబాద్ బండెక్కాల్సిన ఉత్తర తెలంగాణకు 1960ల చివర్లో ఉస్మానియా వరంగల్‌లో ఒక పీజీ సెంటర్ ఇచ్చింది. 1976 ఆగస్టు 19న అది కాకతీయ విశ్వవిద్యాలయమైంది. 2006లో నిజామాబాద్‌కు తెలంగాణ విశ్వవిద్యాలయం, 2008లో కరీంనగర్‌కు శాతవాహన వచ్చాయి. మరి వీటిలో పీహెచ్‌డీ పరిశోధన చేయించే గైడ్‌లేరీ?

అధ్యాపక పోస్టుల ఖాళీల సంగతి పాఠకులకు కొత్త కాదు. కొత్తగా చెప్పుకోవాల్సింది వాటి లెక్క గురించి. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ ఒకేసారి 8 మంది పీహెచ్‌డీ విద్యార్థులకు (స్కాలర్లకు), అసోసియేట్ ప్రొఫెసర్ 6గురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4గురికి గైడ్‌గా ఉండొచ్చు. రెగ్యులర్ అధ్యాపకులైతేనే సుమా. పైగా, రిటైర్మెంట్‌కు మూడేళ్లలోపు సర్వీసు మిగిలినవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. అంటే సారు ఇంకా రోజూ క్లాసుకు వస్తుండగానే, పరిశోధన లెక్కలో ఆయన పోస్టు ఖాళీ అయిపోతోంది. ఆ ఖాళీ ఏ ప్రభుత్వ ఫైల్లోనూ కనిపించదు.

సెమిస్టర్‌కోసారి స్కాలర్ తన పని ఎంతవరకు వచ్చిందో కమిటీ ముందు చెప్పాలి. ఆ కమిటీకి కన్వీనర్ గైడే. ఫైలు చంకన పెట్టుకుని తాళం వేసిన గది ముందు నిలబడే పిల్లలకు ఈ టెన్షన్ ఏమిటో తెలుసు. పక్క గదిలో కాంట్రాక్టు లెక్చరర్ ఉంటారు. పీహెచ్‌డీ ఉంటుంది, ఏళ్ల అనుభవం ఉంటుంది, గైడ్‌షిప్ మాత్రం ఉండదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే.

కోర్టు కేసులున్నాయని, నిధుల ఇబ్బంది ఉందని ప్రభుత్వాలు అంటాయి. 2022లో శాసనసభ ఆమోదించిన విశ్వవిద్యాలయాల ఉమ్మడి నియామక బోర్డు బిల్లు రాజ్‌భవన్ అభ్యంతరాల దగ్గర చిక్కుకున్న మాటా నిజమే. కానీ కేసులు తేలేదాకా ఎవరి రిటైర్మెంటూ ఆగలేదు కదా!

మా భయం ఒక్కటే. రెగ్యులర్ మాస్టారు లేకుండానే పీజీ నడిపించవచ్చని ఒకసారి అలవాటైంది. గైడ్ లేకుండా పీహెచ్‌డీ కూడా ఎలాగోలా నడిచిపోతుందన్న ధీమా ఇప్పుడు వస్తోంది. రేపు కొత్త వర్సిటీకి శంకుస్థాపన చేసేవారికి ఇదే నమూనా అవుతుంది. పోస్టులు నింపనివారే ర్యాంకులు పడిపోయాయని, పరిశోధన పత్రాలు రావట్లేదని వైస్ ఛాన్సలర్లను నిలదీయడం మరీ విడ్డూరం. అధికారంలో ఎవరున్నా చేస్తున్నది ఇదే.

కాకతీయ యాభై ఏళ్ల పండుగకు శాలువాలు కొనేముందు నోటిఫికేషన్ ఇవ్వండి. వచ్చే మూడేళ్లలో ఎవరెవరు రిటైరవుతున్నారో ఏ డిపార్ట్‌మెంట్ అటెండర్‌ను అడిగినా చెబుతాడు. సచివాలయానికి ఆ జాబితా తెప్పించుకోవడం కూడా చేతకాదా?