911కి ఫోను చేయవద్దని చెప్పడానికి మీరెవరు?

డాలస్, హ్యూస్టన్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే సందేశం తిరుగుతోంది. "టెక్సస్‌లో ఎస్‌బీ 8 వచ్చింది, ఇక ప్రతి పోలీసూ ఇమ్మిగ్రేషన్ అధికారే" అని మొదలై, కాగితాలు వెంట ఉంచుకోండి, 911కి (అత్యవసరంగా పోలీసులను పిలిచే నంబరుకు) ఫోను చేయకండి అంటూ వరుసగా హెచ్చరికలు చేసి, "మనవాళ్లందరికీ పంపండి" అని ముగుస్తుంది. చదువుకున్న స్నేహితులే మళ్లీ మళ్లీ పంపుతున్నారు. ఒక్కరైనా ఆ చట్టం తెరిచి చూశారా?

ప్రతి పోలీసూ అన్న మాటే తప్పు. 2025లో చేసి, 2026 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన ఆ చట్టం జైళ్లు నడిపే కౌంటీ షెరీఫ్‌లకు వర్తిస్తుంది. వాళ్లు ఫెడరల్ ఇమ్మిగ్రేషన్ అమలు సంస్థ ఐసీఈతో 287(జి) ఒప్పందం, అంటే స్థానిక అధికారులకు కొన్ని ఇమ్మిగ్రేషన్ అధికారాలిచ్చే ఒప్పందం, కోరాలి. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ నగర పోలీసులు కోరనక్కరలేదు. ఒప్పందాల్లోనూ రకాలున్నాయి. కొన్ని జైలు లోపలికే పరిమితం, టాస్క్‌ఫోర్స్ రకం మాత్రం రోడ్డు మీదా పనిచేస్తుంది. మీ షెరీఫ్ ఏది ఎంచుకున్నాడో కనుక్కుంటే ఉపయోగం. ఇక ఆపి నిర్బంధించిన మనిషిని వీసా సంగతి అడిగే వీలు నగర పోలీసులకు 2017 నాటి టెక్సస్ చట్టం ఎస్‌బీ 4 నుంచే ఉంది. అప్పుడు ఈ గ్రూపులు నిద్రపోయాయి.

కాగితాలు వెంట ఉంచుకోవాలన్నది దశాబ్దాల నాటి ఫెడరల్ నిబంధన. ఎస్‌బీ 8కి దానితో పనిలేదు.

"కాలిఫోర్నియాకు మారితే చాలు" అట. ఏ రాష్ట్రంలో అరెస్టయినా జైల్లో ముందు వేళ్లు స్కానర్ అద్దం మీద పెట్టిస్తారు. ఆ ముద్రలు ఎఫ్‌బీఐకి, అక్కడి నుంచి హోంలాండ్ సెక్యూరిటీకి చేరతాయి. ఐసీఈ డిటైనర్ పంపితే, వదలాల్సిన మనిషిని మరో 48 గంటల వరకు ఉంచమని అర్థం. టెక్సస్ జైలు దాన్ని మన్నించాలి. కాలిఫోర్నియాలో ఎస్‌బీ 54 అనే రాష్ట్ర చట్టం అలా పట్టి ఉంచడాన్ని నిషేధించింది, కానీ తీవ్ర నేరాల్లో శిక్ష పడినవారి అప్పగింతను ఆపలేదు.

"హెచ్-1బీ, ఎఫ్-1 ఉన్నవాళ్లకు ఢోకా లేదు" అన్న ముక్క ఎవరు రాశారో గానీ, 2025 ఏప్రిల్‌ను మరిచిపోయారు. కొట్టేసిన కేసులు, ట్రాఫిక్ తగాదాలు చూపి వేలమంది విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే ఫెడరల్ వ్యవస్థ) రికార్డులు రద్దుచేశారు. కోర్టులకెక్కాకే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. తాగి బండి నడిపి అరెస్టయితే, తీర్పు రాకముందే వీసా రద్దు కావచ్చు. ఇవన్నీ ఫెడరల్ ప్రభుత్వం పనులు. కాబట్టి పోలీసులంటే మనవాళ్లకున్న భయం ఉత్తదే అని నేను అనను.

అయితే ఆ భయాన్ని వాడుకుని రాసిన ఈ వాక్యాన్ని మాత్రం క్షమించలేను: "ఇంట్లో గొడవైనా 911కి చేయకండి, పెద్దమనుషులతో మాట్లాడించుకోండి."

ఇది ఎవరికి చెబుతున్నారు? భర్త ఉద్యోగ వీసాపై ఆధారపడిన హెచ్-4 మీద వచ్చి, కారు లేక, సొంత బ్యాంకు ఖాతా లేక, నాలుగు గోడల మధ్య దెబ్బలు తింటున్న అమ్మాయికి. పెద్దమనుషులు కాఫీ తాగి, ఇద్దరికీ నాలుగు మంచిమాటలు చెప్పి వెళ్లిపోతారు. తలుపు వేసుకున్నాక ఆమె అతనితోనే ఉండాలి. గొంతు మీద చేయి పడినప్పుడు ఏ పెద్దమనిషి వస్తాడు? అర్ధరాత్రి మీరు వస్తారా?

మీరు తిట్టిపోసే ఎస్‌బీ 4లోనే ఉంది: బాధితులను, సాక్షులను వీసా సంగతి ఊరికే అడగకూడదు. దర్యాప్తుకు అవసరమైతేనో, బాధితులకు దక్కే వీసాల గురించి చెప్పడానికో మాత్రమే అడగాలి. గృహహింసకు గురై దర్యాప్తుకు సహకరించినవారికి యూ వీసా మార్గం ఉంది. ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు, ఏళ్ల తరబడి ఆగాలి. అయినా మార్గమే.

భర్త అరెస్టయితే అతని వీసాతోపాటు ఆమెదీ పోవచ్చు. నిజమే, గృహహింస కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించవచ్చని 1996 నుంచే ఫెడరల్ చట్టం చెబుతోంది. ఆ నష్టం తెచ్చినవాడు కొట్టినవాడు. దాన్ని ఆమె ఫోను మీదకు నెడతారా?

డాలస్‌లో చేత్న, హ్యూస్టన్‌లో దయ అనే సంస్థలు దక్షిణాసియా కుటుంబాల్లోని బాధితుల కోసమే పనిచేస్తున్నాయి. పంపక తప్పదంటే, ఆ వాక్యం కొట్టేసి ఈ రెండు పేర్లు రాసి పంపండి. ఇప్పటికే పంపినవాళ్లు అదే గ్రూపులో సవరణ కూడా పెట్టండి.