సవరణ: ఆగింది ఫ్లాష్ ప్లేయర్ మాత్రమే

"ఫ్లాష్ 2020తో ముగిసింది, డిజైనర్లు ఇక మర్చిపోవచ్చు" అని గత పోస్టులో ఉంది. దాన్ని ఇలా సరిచేసి చదవండి: 2020 డిసెంబర్ 31న అడోబీ సపోర్టు ఆపింది ఫ్లాష్ ప్లేయర్‌కు, అంటే ఫ్లాష్‌తో చేసిన యానిమేషన్లు, గేములను బ్రౌజర్‌లో నడిపే ప్లగిన్‌కు. ఆ యానిమేషన్లు తయారుచేసే అడోబీ సాఫ్ట్‌వేర్ వేరు; అది 2016లోనే యానిమేట్‌గా పేరు మార్చుకుంది. ప్లగిన్ లేకుండా బ్రౌజర్‌లో నడిచే హెచ్‌టీఎంఎల్5 కాన్వాస్ రూపంలోకీ ఎక్స్‌పోర్ట్ చేస్తుంది.

కొత్త సైటుకు ఫ్లాష్ వద్దని గత పోస్టులో అన్న మాటలో మార్పు లేదు. కానీ పాత ఎస్‌డబ్ల్యూఎఫ్ (ప్లేయర్‌లో నడిచే ఫ్లాష్) ఫైళ్లుంటే దయచేసి డిలీట్ చేయకండి. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన రఫుల్ అనే ఎమ్యులేటర్ (ఫ్లాష్ ప్లేయర్ పనిని అనుకరించే ప్రోగ్రామ్) వాటిని ప్లగిన్ లేకుండా బ్రౌజర్‌లోనే నడుపుతుంది. పాత డిజిటల్ సమాచారాన్ని భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటు 2020 నవంబర్ నుంచి పాత యానిమేషన్లు, గేములు దాంతోనే చూపిస్తోంది. ఫ్లాష్ ప్రోగ్రామింగ్ భాష యాక్షన్‌స్క్రిప్ట్ 3తో చేసిన వాటిలో కొన్ని మాత్రం సరిగా నడవవు. ఎఫ్ఎల్ఏ సోర్సు ఫైలు (యానిమేషన్ తయారుచేసిన అసలు ఫైలు) కూడా ఉంటే మరింత జాగ్రత్తగా దాచండి, తర్వాత మార్పులు చేయాలంటే అదే ఆధారం.