పుట్టకముందే పాతబడిన దుర్భిణి

మన ఇత్తడి దుర్భిణులను నకిలీలని ఈసడించేవారు ఒక్కసారి చరిత్ర చూసి మాట్లాడాలి. లండన్‌లో ‘కెల్విన్ అండ్ హ్యూస్’ అనే ఓడ పరికరాల కంపెనీ పేరే 1947లో, రెండు పాత కంపెనీలు కలిశాక పుట్టింది. ఆ పేరుతో ‘లండన్ 1917’ అని చెక్కిన దుర్భిణులు ఆన్‌లైన్‌లో కుప్పలు. పెళ్లికి 30 ఏళ్ల ముందే బిడ్డకు బారసాల చేయడం ఇంగ్లీషువాళ్ల వల్ల అయిందా? మన ఇత్తడి దుర్భిణులు తయారయ్యే రూర్కీ, మొరాదాబాద్‌ల సరుకు బయల్దేరేటప్పుడు చాలావరకు ‘పాతదానికి నమూనా’ అనే బయల్దేరుతుంది. చేతులు మారేకొద్దీ వయసు మీద పడుతుంది, అంతే.

లండన్‌లో దుర్భిణులు చేసిన జాన్ డాలండ్ మొదట పట్టు నేతగాడు. క్రౌన్ అనే మామూలు రకం గాజు ఉబ్బు లెన్స్‌కు, ఫ్లింట్ అనే సీసం కలిసిన గాజు గుంట లెన్స్ జతచేసి, బొమ్మ అంచున రంగులు తేలకుండా చేసే పద్ధతికి 1758లో పేటెంటు తీసుకున్నాడు. ఒక గాజుతో పోయేదానికి రెండా? మనవాళ్లు ఆ దుబారా మానేశారు. చూసే కొబ్బరిమట్టకు ఊదా అంచు వస్తే రానీ, రంగులకు వేరే డబ్బు తీసుకోవడం లేదు కదా.

అనుమానం తీరనివారు ముందు లెన్స్‌లో బల్బు ప్రతిబింబాలు లెక్కపెట్టుకోవచ్చు. రెండే ఉంటే ఒంటి గాజు. రెండిటి నడుమ మసకగా మూడోది కూడా ఉంటే అతికించిన జంట. నాలుగుంటే అతకని జంట. గొట్టాలు ఏళ్ల తరబడి లాగి మూస్తే నిలువు గీతలు పడతాయి. పాతదిగా కనిపించాలని రసాయనంలో ముంచిన నలుపు మాత్రం చెయ్యి తగలని మూలల్లోనూ, చెయ్యి అరిగే చోటా ఒకేలా ఉంటుంది. చింతపండుతో తోమి తేల్చేద్దామంటారా? నిజమైన పాతదైతే దాని లక్క పూత కూడా పోతుంది, అప్పుడు రెండిటికీ ఒకటే ధర.

సంవత్సరం, బాణం గుర్తు (బ్రిటిష్ సర్కారు సొత్తు ముద్ర), మోడల్ పేరు, నంబరు అన్నీ కలిసి ఉండేది సైన్యానికిచ్చిన వాటి మీద. దుకాణంలో అమ్మినవాటికి సాధారణంగా పేరు, ఊరు చాలు. 18వ శతాబ్దంలోనే డాలండ్ (Dollond) పేరులో రెండో ‘o’ తీసి ‘a’ పెట్టి అమ్మిన ఘనులున్నారు. మనం స్పెల్లింగైనా సరిగ్గా చెక్కుతున్నాం.

ఇక ‘టైటానిక్ 1912’ అని చెక్కినవి. ఆ ఓడలో కాపలావాళ్లకు బైనాక్యులర్లు లేవని విచారణలో తేలింది. వీటిలో ఒక్కటి వాళ్ల చేతిలో ఉంటేనా, మంచుకొండ చుట్టూ చక్కటి ఊదా అంచు కనిపించేది.