సవరణ: చార్వాకుల లెక్కలో భూతాలు నాలుగే

చార్వాకుల (ఆత్మను, పరలోకాన్ని ఒప్పుకోని ప్రాచీన భారతీయ తాత్వికులు) భౌతికవాదం మీద మొన్న పెట్టిన పోస్టులో చైతన్యం "పంచభూతాల కలయిక" అని రాశాం. తప్పు. భూమి, నీరు, నిప్పు, గాలి, ఇవే వాళ్ల లెక్క. ఆకాశం ప్రత్యక్షానికి (ఇంద్రియాలకు) అందదని వదిలేశారు.

దీనికన్నా పెద్ద తప్పు, మనసును కల్లులోని మత్తుతో పోల్చే వాళ్ల ఉపమానంలో. "మత్తు ముందే ఉంటుంది, బయటపడుతుంది అంతే" అన్నాం. అది వాదాన్నే తలకిందులు చేస్తుంది. దినుసుల్లో విడివిడిగా లేని మత్తు పులిస్తే పుడుతుంది, మనసూ అంతే అన్నది వాళ్ల మాట. వరంగల్ పల్లెల్లో ఏ గౌడన్నను అడిగినా చెప్తాడు: లొట్టి (కల్లు కుండ) లోపల సున్నం పూస్తే దిగేది తియ్యటి నీరా. పూయకపోతే ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది, గంటల్లోనే పులుస్తుంది. మరీ ఆలస్యమైతే బ్యాక్టీరియా ఆ ఆల్కహాలునూ పుల్లటి ఆమ్లం చేస్తుంది.

అయితే ఆల్కహాలు శాతం ఎవరైనా కొలవొచ్చు, పంటినొప్పి మాత్రం పడేవాడికే తెలుసు. ఉపమానం అక్కడే ఆగిపోతుంది. 1995లో తత్వవేత్త డేవిడ్ చామర్స్ "కఠిన సమస్య" అన్నది దీన్నే: మెదడు పనిని వివరించినా, దానికి అనుభవం ఎందుకు తోడవుతుందో మిగిలే ఉంటుంది.

ఇంకొకటి. చార్వాకులంతా అనుమాన ప్రమాణాన్ని (సందేహం కాదు, గుర్తును బట్టి తేల్చడం) తోసేశారన్నాం. వాళ్లలోనే ఒకడైన పురందరుడు దాన్ని లోకవ్యవహారం వరకు ఒప్పుకున్నాడు. పరలోకానికి సాగదీయొద్దన్నాడు.